కైఫియత్తులు: మన ఊళ్ళు చెప్పిన మన చరిత్ర



మన పెద్దలు కొత్తవారిని కలిసినప్పుడు పేరు తెలుసుకున్న వెంటనే అడిగే ప్రశ్న మీకు బాగా పరిచితమే: "మీదే ఊరు?" మీరు పుట్టి పెరిగింది బ్రిటన్‌లోనే అయినా, ఆ ప్రశ్నకు వారు ఆశించే సమాధానం లండన్ కాదు, బర్మింగ్‌హామ్ కాదు. మీ తాతగారి ఊరు, ముత్తాతగారి ఊరు, మీ ఇంటిపేరులో దాగి ఉన్న ఊరు. మీలో కొందరు సెలవులలో ఆ ఊరిని ఒకటి రెండు సార్లు చూసి ఉంటారు. చెరువుగట్టు, రావిచెట్టు, రంగులు వెలసిన గాలిగోపురం, గుడి ముందు సగం మట్టిలో కూరుకుపోయిన ఒక రాతిపలక గుర్తుండి ఉంటాయి. ఆ రాతి మీద ఏమి రాసి ఉందని అడిగితే, ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయి ఉండవచ్చు.

రెండు వందల ఏళ్ళ క్రితం ఆ ప్రశ్నను తెలుగుదేశంలో ఊరూరా తిరిగి అడిగినవారు ఉన్నారు. విన్న సమాధానాలను వారు కాగితాల మీద రాసుకున్నారు. ఆ కాగితాలలో ఒక భాగం చెన్నైలో ఉంది, మరొక భాగం మీరు రైలెక్కి వెళ్ళి చూడగలిగినంత దగ్గరలో, లండన్ నగరంలో ఉంది. దాని పేరు మెకంజీ సేకరణ. దక్షిణ భారతదేశపు చరిత్ర సంస్కృతులకు సంబంధించి ఒకే వ్యక్తి పూనికతో ఏర్పడిన గ్రంథ భాండారాలలో అంతటిది మరొకటి లేదని చెప్పవచ్చు. దాని కథ, అందులో మన వారి పాత్ర, ఇప్పుడు అది మీ నుంచి కోరుతున్నదేమిటి అన్నవి మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కైఫియత్తు అంటే ఏమిటి?

ఈ మాట అరబ్బీలో పుట్టి, పారశీకం ద్వారా మన భాషలోకి వచ్చింది. స్థితి, వృత్తాంతం, వివరం అని దాని అర్థం. ఒక గ్రామం తన పుట్టుపూర్వోత్తరాలను తానే విన్నవించుకున్న పత్రం అని మీరు దానిని భావించవచ్చు. రాసినవాడు చాలావరకు ఆ ఊరి కరణం. కరణం అంటే గ్రామ లెక్కలను, భూముల వివరాలను తరతరాలుగా భద్రపరచిన ఉద్యోగి. అతని ఇంట్లో తాటాకుల మీద రాసిన లెక్కల కట్టలు ఉండేవి. వాటిని కవిలెలు అనేవారు. ఏ పొలం ఎవరిది, ఏ మాన్యం ఎవరు ఇచ్చారు, ఏ యేట కరువు వచ్చింది, ఏ దొర దండయాత్రలో ఊరు పాడుబడింది అన్న సంగతులు ఆ కవిలెలలో ఉండేవి. కరణం వాటిని చూసి, ఊరి పెద్దలను విచారించి, గుడిలో శాసనాలను చదివించి కైఫియత్తు తయారు చేసేవాడు.

కైఫియత్తు ఒకటి తెరిచి చూస్తే దాని నడక మీకు త్వరగానే పట్టుబడుతుంది. మొదట ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతుంది. పూర్వం అది అడవిగా ఉండేదని, ఫలానా పశువుల కాపరికో, ఫలానా బ్రాహ్మణునికో పుట్టలో దేవుడు కనిపించాడని చెబుతుంది. తరువాత రాజుల వరుస వస్తుంది. ముక్కంటి కాడువెట్టి, కాకతి ప్రతాపరుద్రుడు, రెడ్డి రాజులు, గజపతులు, విజయనగర రాయలు, గోలకొండ పాదుషాలు, మొగలాయీలు, పాలెగాళ్ళు లేక జమీందారులు, చివరికి కుంపిణీవారు. ఎవరెవరి కాలంలో గుడికి ఏమేమి జరిగిందో, ఏ ఉత్సవానికి ఏ భూమి ఇచ్చారో, అర్చకునికి, మంగలికి, చాకలికి, భజంత్రీలకు ఎంతెంత మాన్యం ఉన్నదో, ఊరికి నాలుగు దిక్కులా ఏయే హద్దులో, ఎన్ని బావులో, ఎన్ని చెరువులో అందులో ఉంటాయి. శాసనం ఉంటే దాని పాఠం కూడా ఎత్తి రాస్తారు.

పాఠశాలలో మీరు చదివే చరిత్ర రాజధానుల నుంచి మొదలవుతుంది. కైఫియత్తులో చరిత్ర ఊరి పొలిమేర దగ్గర మొదలవుతుంది. రాజులు ఒకరి తరువాత ఒకరు వచ్చి వెళ్ళిపోతారు. ఊరు, గుడి, చెరువు నిలిచి ఉంటాయి. ఆ దృష్టి కైఫియత్తులలోని అసలు విలువ.

స్టోర్నవే నుంచి చెన్నపట్నానికి

ఈ పత్రాలను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండ్ వాయవ్య తీరాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నవే అనే రేవు పట్టణంలో పుట్టాడు. అక్కడ సుంకాల కార్యాలయంలో కొంతకాలం పనిచేశాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. ఆ తరువాత ముప్పై ఎనిమిదేళ్ళు బ్రతికినా పుట్టిన నేలను మళ్ళీ చూడలేదు. స్వదేశం విడిచి వచ్చి పరాయి గడ్డ మీద జీవితం గడపడం ఏమిటో మీ తల్లిదండ్రులకు తెలుసు. అతనికీ తెలుసు.

వృత్తిరీత్యా మెకంజీ సైనిక ఇంజనీరు, భూమిని కొలిచే సర్వేయరు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాలలో పాల్గొన్నాడు. నిజాం రాజ్యంలో సర్వే చేశాడు. 1799లో శ్రీరంగపట్టణం కూలిన తరువాత మైసూరు దేశమంతటినీ కొలిచే బాధ్యత అతనికి అప్పగించారు. 1811లో జావా దండయాత్రకు వెళ్ళి రెండేళ్ళు అక్కడ ఉన్నాడు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. 1821 మే 8న కలకత్తా సమీపంలో కన్నుమూశాడు.

ఇది సర్కారు కొలువు. భూమిని కొలవడం వెనుక కంపెనీ ప్రయోజనం స్పష్టంగానే ఉంది. గెలుచుకున్న నేల ఎంత, దాని మీద శిస్తు ఎంత రాబట్టవచ్చు అని తెలుసుకోవడం. ఆ సంగతి మనం మరువరాదు. కాని దారి పొడుగునా కనిపించిన గుళ్ళు, శాసనాలు, తాటాకు గ్రంథాలు మెకంజీని ఆకర్షించాయి. కంపెనీ అడగని ప్రశ్నలను అతడు అడగసాగాడు. అందుకు అయిన ఖర్చులో చాలా భాగం సొంత జీతం నుంచే పెట్టుకున్నాడు. అయితే ఒక పెద్ద అడ్డంకి ఉండేది. ఈ దేశభాషలలో తనకు తగిన ప్రవేశం లేదని అతడే తన ఉత్తరంలో రాసుకున్నాడు. చదవలేనివాడు ఇంత పెద్ద గ్రంథ భాండారాన్ని ఎలా కూర్చగలిగాడు? ఆ ప్రశ్నకు సమాధానం ఏలూరులో ఉంది.

కావలి సోదరులు

ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య 1796 ప్రాంతంలో మెకంజీ కొలువులో చేరాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళ వయసు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషుతో పాటు మరికొన్ని భాషలు తెలిసినవాడు. కొత్త ఊరిలో పెద్దలతో ఎలా మాట్లాడాలో, ఎవరి మనసును ఎలా గెలుచుకోవాలో ఎరిగినవాడు. మైసూరు సర్వేలో పాత కన్నడ లిపిలోని శాసనాలను చదివే మార్గం కనిపెట్టిన ఘనత అతనికి దక్కింది. భారతీయ విజ్ఞానపు వాకిట్లో తాను మొదటి అడుగు పెట్టింది బొర్రయ్యతో కలిగిన పరిచయం వల్లనే అన్న భావాన్ని మెకంజీ అనేక సంవత్సరాల తరువాత ఒక మిత్రునికి రాసిన ఉత్తరంలో వెల్లడించాడు.

బొర్రయ్య 1803లో, పాతికేళ్ళు దాటిన కొద్దికాలానికే చనిపోయాడు. ఆ పని ఆగిపోవలసిందే. కాని అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానంలో నిలబడి, మెకంజీ మరణించే దాకా దానిని నడిపించాడు. మరొక సోదరుడు రామస్వామి కూడా అదే కొలువులో పనిచేసి, దక్కన్‌లోని ప్రసిద్ధ స్థలాల గురించి, కవుల జీవితాల గురించి ఇంగ్లీషులో పుస్తకాలు రాశాడు. కవుల జీవితాలను గురించిన పుస్తకం 1829లో కలకత్తాలో అచ్చయింది. తెలుగు కవులను గురించి ఇంగ్లీషు పాఠకులకు ఒక తెలుగువాడు చెప్పిన తొలి పుస్తకాలలో అది ఒకటి. రెండు భాషల నడుమ జీవించే మీ వంటివారికి ఈ ముగ్గురు సోదరులు దగ్గరి బంధువుల వంటివారు. ఇంట్లో ఒక భాష, కచేరీలో మరొక భాష. ఒకదానిలో విన్నదాన్ని రెండవదానిలోకి చేరవేయడమే వారి జీవితకాలపు వృత్తి.

ఊరూరా తిరిగిన మనుషులు

లక్ష్మయ్య చేతి కింద అనేకమంది సహాయకులు ఉండేవారు. బ్రాహ్మణులు, జైనులు, తమిళులు, మరాఠీలు ఉన్నారు. శ్రవణబెళగొళ వంటి జైన క్షేత్రాల సంగతులు తెలిసిన ధర్మయ్య అనే జైన పండితుడు వారిలో ఒకడు. వీరు ప్రశ్నల పట్టిక, అధికారుల సిఫారసు ఉత్తరాలు వెంట పెట్టుకుని ఊళ్ళ మీద తిరిగేవారు. ఏ రోజు ఎక్కడ ఉన్నదీ, ఎవరిని కలిసినదీ, ఏ గ్రంథం దొరికినదీ, ఏది దొరకలేదో రాసి నెలనెలా నివేదికలు పంపేవారు. ఆ నివేదికలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ నివేదికలలో మనకు కనిపించేవి విజయాలు మాత్రమే కావు. ఊళ్ళోకి సర్కారు మనిషి వచ్చి పాత కాగితాలు చూపమంటే ఎవరు నమ్ముతారు? మాన్యం పత్రాలు చూపిస్తే భూమి పోతుందేమోనని కొందరు భయపడ్డారు. గ్రంథాలు ఇస్తే తిరిగి రావని కొందరు దాచుకున్నారు. కొన్ని చోట్ల కరణాలు నేడు రేపు అని తిప్పారు. వారి భయం నిష్కారణమైనదని మనం అనలేము. రాజ్యం చేతులు మారిన కొత్త రోజులవి. 1800లో నిజాం కడప, బళ్ళారి మొదలైన సీమలను కంపెనీకి ఇచ్చివేశాడు. ఎవరి భూమి ఎవరి చేతిలో నిలుస్తుందో తెలియని కాలం అది. ఆ అనుమానాల నడుమ, ఎండలోనూ వానలోనూ నడిచి, మంచి మాటలతో, ఓపికతో సంపాదించినవి ఈ కైఫియత్తులు.

ఇలా కూడిన మొత్తం ఎంత? మెకంజీ మరణానంతరం సంస్కృత పండితుడు హోరేస్ హేమన్ విల్సన్ దానికి పట్టిక తయారు చేసి 1828లో కలకత్తాలో ప్రచురించాడు. ఆ లెక్కలో 1,568 సాహిత్య గ్రంథాలు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసన పాఠాలు, 2,159 అనువాదాలు, 79 పటాలు, 2,630 చిత్రలేఖనాలు, 6,218 నాణేలు, 146 విగ్రహాలు, పురావస్తువులు ఉన్నాయి. మెకంజీ భార్య నుంచి కంపెనీ ఆ సేకరణను 10,000 పౌండ్లకు కొనుగోలు చేసింది.

ఆ 8,076 అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. అది రాళ్ళ మీద, రాగిరేకుల మీద ఉన్న శాసనాల నకళ్ళ సంఖ్య. ఆ రెండు శతాబ్దాలలో ఎన్నో రాళ్ళు పగిలిపోయాయి, ఇళ్ళ పునాదులలో, కాలువల వంతెనలలో కలిసిపోయాయి. అటువంటి వాటికి మిగిలింది లక్ష్మయ్య మనుషులు ఎత్తి రాసుకున్న అక్షరాలే.

అమరావతి చెప్పే పాఠం

రాళ్ళు ఎలా పోతాయో తెలియడానికి అమరావతి కథ చాలు. పద్దెనిమిదవ శతాబ్దం చివర చింతపల్లి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కృష్ణ ఒడ్డున అమరేశ్వరస్వామి సన్నిధిలో కొత్త పట్టణం కట్టించసాగాడు. కట్టడానికి రాయి, ఇటుక కావాలి. దగ్గరలోనే దీపాలదిన్నె అని జనం పిలిచే పెద్ద మట్టిదిబ్బ ఉంది. దాన్ని తవ్వితే చెక్కడాలు నిండిన తెల్లని పలకలు బయటపడ్డాయి. అది రెండు వేల ఏళ్ళ నాటి మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ సంగతి విని మెకంజీ 1790ల చివరలో అక్కడికి వెళ్ళి చూశాడు. 1816లో మళ్ళీ వెళ్ళి, చిత్రకారులను పెట్టి ఆ శిల్పాలను ఒక్కొక్కటిగా గీయించాడు. అప్పటికే దిబ్బ నడుమ చెరువు తవ్వారు. పలకలు కొన్ని కట్టడాలలోకి వెళ్ళాయి, కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయాయి.

ఆ చిత్రాల సంపుటం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తరువాతి కాలంలో తవ్వి తీసిన అమరావతి శిల్పాలు కొన్ని అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, మరి కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. సంపుటంలోని కొన్ని చిత్రాలకు సరిపోయే రాయి నేడు ఎక్కడా లేదు. చిత్రమే వాటి చివరి ఆనవాలు. అవి ఈ దేశానికి ఏ పరిస్థితులలో చేరాయి, ఎక్కడ ఉండవలసినవి అన్న ప్రశ్నలు మీకు కలుగుతాయి, కలగాలి. వాటిపై అభిప్రాయం ఏర్పరచుకునే ముందు వాటిని కళ్ళారా చూసి, వాటి వృత్తాంతం తెలుసుకోవడం మీ హక్కు.

చెదిరిన సేకరణ, చేరదీసిన చేతులు

మెకంజీ పోయిన తరువాత సేకరణ ఒక చోట నిలవలేదు. అనువాదాలు, చిత్రాలు, పటాలు, సంస్కృత, పారశీక గ్రంథాలలో కొన్ని లండన్‌కు వెళ్ళాయి. దక్షిణ భారత భాషలలోని పత్రాలు ఎక్కువగా మద్రాసుకు చేరాయి. లక్ష్మయ్య ఊరుకోలేదు. ఆ పనిని తానే కొనసాగిస్తానని, ఇంకా సేకరించవలసింది ఎంతో మిగిలి ఉందని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి విన్నవించుకున్నాడు. ఆ ప్రతిపాదనపై సొసైటీ వారి నివేదిక 1836లో వెలువడింది. దేశీయుడు సహాయకునిగా ఉండవచ్చునే గాని, ఇటువంటి పరిశోధనకు సారథ్యం వహించే సామర్థ్యం అతనికి లేదన్నది దాని సారాంశం. ఇరవై ఏళ్ళు ఆ సేకరణను నడిపిన మనిషికి లభించిన సమాధానం అది. పని మరొకరి చేతికి వెళ్ళింది. లక్ష్మయ్య కోరిన విధంగా ఊరూరా తిరిగే సేకరణ మళ్ళీ జరగలేదు.

మద్రాసులో మిగిలిన కాగితాలకు మరొక ముప్పు వచ్చింది. చెదలు, తేమ, చెరిగిపోయే సిరా. అప్పుడు ముందుకు వచ్చినవాడు మీరు పేరు విని ఉన్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగు నిఘంటువు కూర్చిన ఆ బ్రౌన్ దొర పండితులను జీతాలకు పెట్టి, శిథిలమైపోతున్న కైఫియత్తులకు శుభ్రమైన నకళ్ళు రాయించాడు. ఆ నకళ్ళు సంపుటాలుగా కట్టబడి అరవైకి పైగా ఉన్నాయి. వాటినే పరిశోధకులు స్థానిక చరిత్రలు అంటారు. 1830లలో సెలవు మీద లండన్ వచ్చినప్పుడు ఇండియా హౌస్ గ్రంథాలయంలో చూసేవారు లేక పడి ఉన్న రెండు వేలకు పైగా దక్షిణ భారత భాషల వ్రాతప్రతులను గుర్తించి, వాటిని మద్రాసుకు పంపించే ఏర్పాటు చేసినదీ ఆయనే. మెకంజీ సేకరణ, ఇండియా హౌస్ నుంచి వచ్చినవి, బ్రౌన్ సొంత సేకరణ అనే మూడు పాయలు కలిసి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం అయ్యాయి. బ్రౌన్ చివరి రోజులు లండన్‌లో గడిచాయి. లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్య పదవిలో ఉన్నాడు. 1884లో మరణించాడు. ఆయన సమాధి నగరంలోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉంది.

ఆ సంపుటాలు లేకపోతే మన చరిత్రకారులకు చేతులు కట్టేసినట్లు అయ్యేది. నేలటూరి వెంకటరమణయ్య విజయనగర చరిత్రకు, మల్లంపల్లి సోమశేఖర శర్మ రెడ్డి రాజ్యాల చరిత్రకు వీటిని ఆధారం చేసుకున్నారు. నేలటూరి వారు కె. ఎ. నీలకంఠ శాస్త్రితో కలిసి 1946లో ప్రచురించిన విజయనగర చరిత్రాధారాల సంపుటాలలో కైఫియత్తుల భాగాలు ఎన్నో చోటు చేసుకున్నాయి. ఇటీవలి కాలంలో కడపలోని సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేయించింది. మీ పూర్వీకులది ఆ ప్రాంతమైతే, మీ ఊరి కైఫియత్తు ఇవాళ పుస్తకంగా దొరికే అవకాశం ఉంది.

మీ కుటుంబం తెలంగాణ నుంచి వచ్చినదైతే ఒక మాట చెప్పాలి. తెలుగు కైఫియత్తులలో కంపెనీ ఏలుబడిలోని సర్కారు జిల్లాల, దత్తమండలాల ఊళ్ళవే ఎక్కువ. నిజాం ఏలుబడిలోని గ్రామాలలో అటువంటి పని చేసినవారు తరువాతి కాలపు తెలుగువారే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించి పుస్తకాలు కూడబెట్టారు. లక్ష్మణరాయ పరిశోధక మండలి సభ్యులు ఊళ్ళు తిరిగి శాసనాలు సేకరించి, 1935లో తెలంగాణా శాసనములు ప్రచురించారు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల కన్నా జనం తిండి, బట్ట, ఆటపాటలకు పెద్దపీట వేశారు. అధికారి అడిగితే చెప్పినది కైఫియత్తు. ఎవరూ అడగకుండానే తమకై తాము పూనుకున్న పని ఇది.

కైఫియత్తును ఎలా చదవాలి?

కైఫియత్తులో రాసిందంతా యథార్థమని మీరు అనుకోనవసరం లేదు. ముక్కంటి కాడువెట్టి కాలానికి, ప్రతాపరుద్రుని కాలానికి మధ్య ఉన్న శతాబ్దాలు అందులో ఒక్క వాక్యంలో దాటిపోవచ్చు. ఒక రాజుకు మరొక రాజు చేసిన పని అంటగట్టి ఉండవచ్చు. తన మాన్యం నిలుపుకోవాలనుకున్న కరణం ఒక పాత దానాన్ని కొంచెం పెంచి చెప్పి ఉండవచ్చు. పైగా అది రాసిన చేతులు ఊళ్ళో అందరివీ కావు. కౌలుదారు, కూలి, ఆడకూతురు అందులో మాట్లాడటం అరుదు. మాలమాదిగ వాడలు మాన్యాల పట్టికలో ఒక వరుసగా కనిపించి, కథలో కనిపించకుండా పోతాయి.

అందుచేత పరిశోధకులు కైఫియత్తును శాసనాలతో, సాహిత్యంతో, ఇతర దేశాల యాత్రికుల రాతలతో పోల్చి చూస్తారు. కాలం దగ్గరపడేకొద్దీ దాని సాక్ష్యం బలపడుతుంది. తాత చెప్పిన సంగతి, తండ్రి చూసిన సంగతి, తాను లెక్క రాసిన సంగతి అన్నవి వేరు వేరు బరువులు గలవి. పుట్టలో దేవుడు వెలసిన కథను చరిత్రగా తీసుకోలేకపోయినా, ఆ ఊరివారు తమ గుడిని గురించి ఏమని నమ్మేవారో అది నికరంగా చెబుతుంది. ఆ నమ్మకం కూడా చరిత్రలో భాగమే.

మీ వంతు ఏమిటి?

బ్రిటిష్ లైబ్రరీలో ప్రవేశానికి రుసుము లేదు. గుర్తింపు పత్రాలు చూపి పాఠకుల కార్డు తీసుకుంటే, ఆసియా, ఆఫ్రికా అధ్యయన విభాగపు పఠన మందిరంలో మెకంజీ అనువాదాలను, సహాయకుల నివేదికలను అడిగి చూడవచ్చు. థామస్ హికీ 1816లో గీసిన మెకంజీ తైలవర్ణ చిత్రం కూడా ఆ సంస్థ సంపదలో ఉంది. ఎర్రని కోటుతో నిలిచిన దొర పక్కన ముగ్గురు భారతీయులు ఉంటారు. ఒకరి చేతిలో తాటాకు గ్రంథం, మరొకరి చేతిలో దుర్భిణి. దూరంగా గుట్ట మీద గోమటేశ్వరుని విగ్రహం. ఆ చిత్రం చూసినప్పుడు నడుమ నిలిచినవానిపై కన్నా పక్కనున్నవారిపై మీ చూపు ఎక్కువసేపు నిలవాలని కోరుతున్నాను.

ఇంగ్లీషు అనువాదాలు మొత్తంలో ఒక భాగం మాత్రమే. అవి కూడా ఎన్నో చోట్ల సంగ్రహాలే. అసలు కైఫియత్తులు తెలుగులో ఉన్నాయి, కరణాల గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. వాటిని చదవగలవారు నానాటికీ తగ్గిపోతున్నారు. ఆదివారం తరగతిలో మీరు నేర్చుకున్న గుణింతం అక్కడి దాకా తీసుకుపోలేకపోవచ్చు. కాని ఆ దారి మొదలయ్యేది ఆ గుణింతం దగ్గరే. మీలో నలుగురైదుగురైనా ఆ రాతను చదవగలిగినంత తెలుగు నేర్చుకుంటే, లండన్‌లోని ఇంగ్లీషు పాఠాన్ని చెన్నైలోని తెలుగు పాఠంతో పోల్చి చూడగలిగితే, అది కావలి సోదరుల పనికి నిజమైన కొనసాగింపు అవుతుంది. దేశీయుడు సహాయకునిగా మాత్రమే తగినవాడన్న ఆనాటి మాటకు అంతకన్నా మంచి జవాబు ఉండదు.

ఇక రెండవ పని ఇక్కడే, ఈ ఆవరణలోనే ఉంది. కైఫియత్తు అడిగే ప్రశ్నలను మన గుడికి వేసుకుని చూడండి. ఈ స్థలం అంతకు ముందు ఏమిటి? మొదటి పూజ ఎవరి ఇంట్లో జరిగింది? విగ్రహాలు ఏ ఊరి శిల్పులు చెక్కారు, ఏ దారిన వచ్చాయి? మొదటి చందాల పుస్తకం ఎవరి దగ్గర ఉంది? వంటశాలలో చేతులు కాల్చుకున్నవారు, చలిలో వాహనాలు నిలిపే చోట మంచు ఎత్తిపోసినవారు ఎవరు? వీటికి సమాధానాలు తెలిసిన పెద్దలు ఇవాళ మన మధ్య ఉన్నారు. ఆనాటి కరణాల కైఫియత్తులలో చోటు దక్కని ఆడవారి మాటను, సామాన్యుల మాటను ఈసారి వదిలిపెట్టకండి.

ఫోనులో ముద్రించుకోండి, కాగితం మీద రాసుకోండి, తేదీ వేయండి, ఎవరు చెప్పారో రాయండి, తెలిసినదాన్ని తెలిసినట్లు, విన్నదాన్ని విన్నట్లు వేరుచేసి చూపండి. ఒక ప్రతి గుడిలో, మరొక ప్రతి వేరొక చోట ఉంచండి. ఒకే చోట ఉన్నది చెదల పాలు కావడానికి ఎంతో కాలం పట్టదని కైఫియత్తులు మనకు నేర్పాయి. అడిగేవారు ఊరి దాకా నడిచి వచ్చారు గనుకనే మన పల్లెల కథ ఈనాటికి మిగిలింది. ఈ గుడి కథను అడగడానికి మీరు నడవవలసిన దూరం మండపం నుంచి భోజనశాల వరకే. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ కైఫియత్తు మొదటి భాగం మీ పేర్లతో అచ్చు కావాలని ఆకాంక్షిస్తున్నాను.